గుడిమల్లం బస్సు ఎన్నింటికి?

ఆంధ్రప్రదేశ్ పర్యాటక శాఖ మంత్రి గారికి,



మాది తిరుపతి. ముప్పై ఏళ్ళకు పైగా హైస్కూలు పిల్లలకు సాంఘికశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. తిరుపతిలో ఇల్లున్నవాళ్ళకు చుట్టాలకు కొదవుండదు. బిడ్డకు పుట్టువెంట్రుకలు తీయించాలన్నా, పెళ్ళి కుదిరినా, ఉద్యోగం వచ్చినా, జబ్బుపడి లేచినా జనం కొండకు వస్తారు. కొండకొచ్చిన చుట్టం మా ఇంటి గడప తొక్కకుండా పోడు. దర్శనానికి ముందురోజో, దర్శనమై గుండ్లతో దిగొచ్చిన మర్నాడో, కాఫీ తాగుతూ వాళ్ళందరూ అడిగే మాట ఒకటుంది. "ఇంకా ఒక పూట ఉంది. ఇక్కడ చుట్టుపక్కల ఏం చూడొచ్చు?"

ఆ ఒక పూట గురించే ఈ ఉత్తరం.

ఇదివరకు ఆ పూట మిగిలేది కాదు. కొండమీద కంపార్టుమెంట్లో కూర్చుంటే తలుపు ఎప్పుడు తీస్తారో తెలిసేది కాదు. పెట్టుకొచ్చిన సెలవంతా అక్కడే కరిగిపోయేది. ఇప్పుడు చాలామందికి గంట చెప్పి దర్శనం ఇస్తున్నారు. 300 రూపాయల టికెట్టు నెలల ముందే ఆన్‌లైన్లో తీసుకున్నవాళ్ళకు తమ వేళ తెలుసు. టికెట్టు లేకుండా వచ్చినవాళ్ళకు రైల్వేస్టేషన్ ఎదుట విష్ణునివాసంలోనో, బస్టాండు దగ్గర శ్రీనివాసంలోనో, అలిపిరి దగ్గర భూదేవి కాంప్లెక్సులోనో టోకెన్ ఇస్తారు. దానిమీద ఫలానా వేళకు రమ్మని ఉంటుంది. అది ఆ రాత్రి కావచ్చు, మర్నాటి మధ్యాహ్నం కావచ్చు. అంతవరకూ ఆ కుటుంబం చేతిలో ఎనిమిది గంటలుంటాయి, ఒక్కోసారి పద్నాలుగు గంటలుంటాయి. స్టేషను బయట దుప్పటి పరుచుకుని, సంచి తలకింద పెట్టుకుని, పిల్లలను కసురుకుంటూ ఆ గంటలను గడిపేవాళ్ళను నేను ఏ ఉదయం మార్కెట్టుకు వెళ్ళినా చూస్తుంటాను. రోజుకు అరవై, డెబ్భై వేలమంది కొండెక్కే ఊరిది. ఒక ఊరికి ఇన్ని వేలమంది పూటలు ఊరికే వచ్చి చేతిలో పడితే, వాటితో మనం ఏం చేస్తున్నాం?

అద్దెకార్ల దగ్గరికి పంపిస్తున్నాం. 'లోకల్ టెంపుల్స్' అని బోర్డు, కింద గుళ్ళ పేర్లు. ఐదు గుళ్ళకింత, ఏడు గుళ్ళకింత. ఎక్కువ గుళ్ళు చూపించే బండికి ఎక్కువ గిరాకీ. రెండేళ్ళ కింద మా చిన్నమ్మ కదిరి నుంచి వచ్చినప్పుడు మేమూ అట్లాంటి బండే మాట్లాడుకున్నాం. ఆమెకు 72 ఏళ్ళు. కదిరి నరసింహస్వామిని రోజూ చూస్తే తప్ప పొద్దు గడవని మనిషి. ఆమెతో ఇద్దరు కోడళ్ళు, ఒక మనవడు, నేను.

ఎనిమిదింటికి బయల్దేరాం. తిరుచానూరులో అమ్మవారి దర్శనం, అక్కణ్ణుంచి శ్రీకాళహస్తి. క్యూలో గంటన్నర, స్వామి ముందు అర నిమిషం. వాయులింగం దగ్గర గాలి లేని చోట దీపం కదులుతుందంటారు కదా, ఆ దీపం ఏదో చిన్నమ్మకు చూపించేలోపే వెనకవాళ్ళు ముందుకు నెట్టారు. తిరుగుదారిలో ఏర్పేడు పక్కన గుడిమల్లం. మేం చేరేసరికి ఒంటిగంట దాటింది. పూజారిగారు భోజనానికి వెళ్ళారు, గర్భగుడి తలుపు వేసి ఉంది. ఆగుదామంటే డ్రైవరుకు కుదరదు. అతన్ని అనడానికీ లేదు, సాయంత్రం ఇంకో ట్రిప్పు ఒప్పుకున్నాడు, ఓనరు ఫోను మీద ఫోను చేస్తున్నాడు. శ్రీనివాసమంగాపురం అయిందనిపించి, చంద్రగిరి కోటను కారు అద్దంలోంచి చూసి, కాణిపాకం పరుగెత్తి, రాత్రి తొమ్మిదికి ఇల్లు చేరాం. చెప్పులు విప్పడం, తొడుక్కోవడం తప్ప కాళ్ళకు వేరే జ్ఞాపకం లేదు.

అన్నాలు తిన్నాక చిన్నమ్మ వేళ్ళు ముడిచి లెక్కపెట్టుకుంది. "శానా చూసినాంలే. యాది యాడుందో గుర్తు రాలే." కాసేపాగి అడిగింది. "ఒక గుడికి తలుపేసినారే, దాన్లో ఏముందమ్మే?"

తిరిగినవన్నీ కలిసిపోయి, తలుపు మూసిన ఆ ఒక్క గుడే ఆమె మనసులో మిగిలిందన్నమాట. కోడళ్ళు మర్నాడు కదిరి బస్సెక్కారు. చిన్నమ్మను నేను ఉంచుకున్నాను. రెండోరోజు పొద్దున్నే ఇద్దరమే బయల్దేరాం. రేణిగుంట మీదుగా పాపానాయుడుపేట దాకా బస్సు. అక్కడ ముప్పావుగంట నిలబడి, ఇంకో బస్సు రాక, ఆటో మాట్లాడుకుని స్వర్ణముఖి ఒడ్డునున్న ఊరికి చేరాం. తొమ్మిదిన్నర. గుళ్ళో మేమూ, పూజారిగారూ, అరుగు మీద ఒక ముసలాయన.

మంత్రి గారూ, మీరు ఇప్పటికే చూసి ఉంటే మంచిది. చూడకపోతే, ఈ కొంచెం సేపు నా మాట వినండి. పరశురామేశ్వరుడి గర్భగుడి మండపం కంటే కిందికి ఉంటుంది. లోపలికి దిగి చూడాలి. వెనకవైపు గోడ గుండ్రంగా, ఏనుగు వీపులాగా తిరిగి ఉంటుంది, గజపృష్ఠం అంటారు. లోపల దాదాపు ఐదడుగుల ఎత్తున, గోధుమరంగు కలిసిన నున్నటి రాతి లింగం. పూజారిగారు హారతి పైనుంచి కిందికి మెల్లగా దించారు. ముందు మొహం కనబడింది. చెవులకు బరువైన కుండలాలు. భుజం మీద గొడ్డలి. వెలుగు ఇంకా కిందికి దిగింది. ఒక చేతిలో వెనక్కాళ్ళు పట్టుకుని వేలాడదీసిన పొట్టేలు, ఇంకో చేతిలో చిన్న చెంబు. నడుముకు పలచటి బట్ట, దాని మడతలు రాతిలోనే. పాదాల కింద ఒక యక్షుడు మోకాళ్ళు ముడుచుకుని, ఆ బరువు తనకేమీ పట్టనట్టు కూర్చుని ఉన్నాడు.

"చేతిలో అదేంది సామీ?" అని చిన్నమ్మ అడిగింది.

"పొట్టేలు తల్లీ."

ఆమె ఇంకాస్త వంగి చూసింది. "మన పక్క గొర్రెలు కాసేటోళ్ళ మాదిరే ఉండాడే," అంది.

ముప్పై ఏళ్ళు ఈ శిల్పం గురించి క్లాసులో చెప్పాను. క్రీస్తుకు పూర్వం మూడో శతాబ్దం నుంచి ఒకటో శతాబ్దం లోపలిదని ఎక్కువమంది పండితుల మాట, ఇంకా తర్వాతిదని కొందరి మాట. ఎట్లా చూసినా, ఇప్పటికీ పూజలందుకుంటున్న శివలింగాల్లో ఇంత పాతది దొరకడం కష్టం. 1910ల్లో టి.ఏ. గోపీనాథరావు గారు దీన్ని లోకానికి వివరంగా పరిచయం చేశారు. 1973లో ఐ.కె. శర్మ గారి ఆధ్వర్యంలో పురావస్తు శాఖ తవ్వినప్పుడు, గుడి కట్టకముందు ఈ లింగం ఆరుబయట, చుట్టూ రాతి కంచెతో ఉండేదని తేలింది. పల్లవుల, బాణుల, చోళుల శాసనాలున్నాయి. ఇవన్నీ నాకు నోటికొచ్చు. గొర్రెలు కాసే మనిషి మాత్రం నాకు ఆ రోజు దాకా కనబడలేదు. చిన్నమ్మ పుట్టింది గొర్రెలున్న ఇంట్లో. రాయలసీమ ఎండలో భుజాన గొడ్డలి, నడుముకు పలచటి పంచె, చేతిలో నీళ్ళచెంబు పెట్టుకుని మందవెంట నడిచేవాళ్ళను ఆమె చిన్నప్పటి నుంచీ చూసింది. శివుణ్ణి మొదట చెక్కినవాడు కూడా అట్లాంటి మనిషినే చూసి చెక్కాడేమో. ఆ మాట ఏ పుస్తకమూ నాకు చెప్పలేదు. ఒక పూట తీరిగ్గా నిలబడితే 72 ఏళ్ళ ఆడమనిషి చెప్పింది.

గంటసేపు మండపంలో కూర్చున్నాం. 2005 చివర్లో గర్భగుడిలోకి కిందినుంచి నీళ్ళు ఊరిన సంగతి అరుగు మీద ముసలాయన చెప్పారు. అరవై ఏళ్ళకొకసారి గంగ వచ్చి స్వామిని కడుగుతుందని వాళ్ళ నమ్మకం. తిరిగొచ్చేటప్పుడు పాపానాయుడుపేటలో పూసలు కొన్నాం. కొలిమిలో కరిగిన గాజును సన్నటి గొట్టంగా బారుగా లాగి, ఆ గొట్టాన్ని చిన్న ముక్కలుగా తెంచి పూసలు చేయడం ఆ ఊరి వృత్తి. సముద్రాలు దాటి దేశదేశాలకు పోయిన పాత భారతీయ పూసలను చేసిన పద్ధతి ఇదేనని, ఇప్పటికీ అది బతికున్న చోటు ఇదేనని పరిశోధకులు వెతుక్కుంటూ వచ్చిన ఊరు. గుళ్ళ లెక్కలో అది లేదు కాబట్టి అద్దెకారు అక్కడ ఆగదు. మధ్యాహ్నం రెండింటికి ఇంట్లో ఉన్నాం. ఇద్దరికీ కలిపి మూడొందల రూపాయలు కూడా కాలేదు.

నేను అడగాలనుకున్నది ఇక్కడే ఉంది. ఒక పూటలో ఎన్ని చూపించగలం అని కాక, ఒక పూటలో ఏ ఒక్కదాన్ని బాగా చూపించగలం అని మీ శాఖ ఆలోచించాలి. ఏడు గుళ్ళు చుట్టి రావడం పుణ్యమనుకునేవాళ్ళను నేను తప్పుపట్టను. మళ్ళీ ఎప్పుడొస్తామో అన్న దిగులుతో వస్తారు వాళ్ళు. దూరం నుంచి వచ్చేవాళ్ళకు ఆ దిగులు న్యాయమైనదే. కానీ వాళ్ళ ముందు పెట్టింది ఆ ఒక్క దారే. ఇంకోటి ఉందని ఎవరైనా చెబితే కదా ఎంచుకోవడానికి.

చంద్రగిరినే తీసుకోండి. తిరుపతికి ఇంచుమించు పన్నెండు కిలోమీటర్లు, అరగంట ప్రయాణం. మా స్కూలు పిల్లలను ఎన్నిసార్లు తీసుకెళ్ళానో లెక్కలేదు. మూడంతస్తుల రాజమహల్ ముందు పిల్లలను నిలబెట్టి, "ఇందులో కట్టె ఎక్కడుందో వెతకండి" అనేదాన్ని. ఇరవై నిమిషాలు వెతికేవాళ్ళు. పైకప్పు చూసేవాళ్ళు, మెట్లకింద దూరేవాళ్ళు. దొరకదు. రాయి, ఇటుక, సున్నం తప్ప కలప వాడకుండా కట్టిన మేడ అది. ఆ తర్వాత చెబితే, చెప్పింది బుర్రలో ఉంటుంది. తళ్ళికోట యుద్ధం తర్వాత విజయనగరం అంతా అయిపోయిందని పుస్తకంలో చదివిన పిల్లలకు, ఆ రాజ్యం పెనుకొండకు, అక్కణ్ణుంచి మన ఊరి పక్కకు నడిచొచ్చి ఇంకొన్నాళ్ళు బతికిందని తెలిసేది ఇక్కడే. 1639లో ఇంగ్లీషు కంపెనీకి మద్రాసులో కోట కట్టుకోవడానికి అనుమతి ఇచ్చిన దామెర్ల వెంకటాద్రి నాయకుడు ఈ రాజుల కింది నాయకుడే. ఈ రోజు చెన్నైవాళ్ళు ఆగస్టు 22న తమ ఊరి పుట్టినరోజు చేసుకుంటున్నారంటే, దాని పేగు ఒకటి చంద్రగిరిలో ఉంది. చెన్నై నుంచి వారాంతానికి తిరుమల వచ్చే కుటుంబాల్లో ఎంతమందికి ఆ సంగతి తెలుసు? చెప్పేవాళ్ళు గేటు దగ్గర ఉంటే వాళ్ళు ఆగరా? పైగా శుక్రవారం మ్యూజియానికి సెలవు. ఆ మాట తిరుపతిలోనే ఒక బోర్డు మీద రాసి ఉంటే, శుక్రవారం అంతదూరం వెళ్ళి పిల్లలు మొహాలు వేలాడేసుకుని తిరిగిరారు.

కాళహస్తిలో గుడి దాటి రెండు వీధులు నడిస్తే కలంకారీ వేసేవాళ్ళ ఇళ్ళు. కరక్కాయ, పాలు కలిపి నానబెట్టి ఆరేసిన పసుపుపచ్చ బట్ట మీద ముందు చింతబొగ్గుతో గీత. తర్వాత వెదురుపుల్లకు దూది, గుడ్డ చుట్టి చేసిన కలం. తుప్పుపట్టిన ఇనపముక్కలు, బెల్లం కలిపి రోజుల తరబడి పులియబెట్టిన నీళ్ళు ఒక కుండలో. చూస్తే టీనీళ్ళ రంగు. కలం ముంచి బట్టకు తాకించగానే ఆ గీత మీ కళ్ళముందే నల్లబడుతుంది. కరక్కాయలో వగరూ, ఇనుమూ కలిసిన చోట పుట్టిన నలుపు అది, ఎన్ని ఉతుకులకూ పోదు. అది నల్లబడే క్షణాన్ని చూసిన పిల్లవాడు కెమిస్ట్రీ పుస్తకాన్ని ఇంకో రకంగా తెరుస్తాడు. నేను చూశాను కాబట్టి చెబుతున్నాను. ఆ కళ చచ్చిపోయే దశలో 1950ల చివర్లో ప్రభుత్వం శిక్షణకేంద్రం పెట్టి నిలబెట్టింది. ఇప్పుడు దానికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. రాహుకేతు పూజకు వచ్చిన జనంలో పదోవంతు ఆ వీధులకు మళ్ళినా ఎన్ని ఇళ్ళలో కలం ఆగకుండా ఉంటుందో ఆలోచించండి.

కొండల సంగతి. మా వైపు కొండసందుల్లో నీళ్ళుండే చోటును కోన అంటాం. తలకోన, సదాశివకోన, కైలాసకోన. ఒక్కో కోనకు ఒక శివుడు, ఒక జలపాతం, పైన కోతులు. తలకోన 270 అడుగుల పైనుంచి పడుతుంది, రాష్ట్రంలో అంత ఎత్తైన జలపాతం లేదు. అది శ్రీ వేంకటేశ్వర జాతీయవనం లోపలి చోటు, జనం ఎంత ఎక్కువగా వస్తే అంత మంచిదని అనలేం. ఆదివారాలు అక్కడ రాళ్ళమధ్య చిక్కుకున్న ప్లాస్టిక్ ప్లేట్లు చూస్తే కడుపు మండుతుంది. రోజుకు ఇంతమందే అని లెక్క పెట్టుకుని పంపినా తప్పులేదు. హార్స్‌లీ కొండలను మాత్రం తిరుపతి నుంచి ఒక పూట యాత్రల్లోంచి తీసేయండి. పోనూ రానూ రోడ్డుమీదే పగలంతా అయిపోతుంది. 1870లో కడప కలెక్టరు హార్స్‌లీ వేసవిలో ఉండటానికి అక్కడ ఇల్లు కట్టుకున్నాడు, ఒక గంట చూసి దిగిపోవడానికి కాదు. అంతకుముందు అది ఏనుగు మల్లమ్మ కొండ. పైన మల్లమ్మ గుడి ఇప్పటికీ ఉంది. మదనపల్లెలో ఒక రాత్రి దిగి, 1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ జనగణమనను ఇంగ్లీషులోకి మార్చిన బీసెంట్ థియసాఫికల్ కాలేజీని పొద్దున చూసి, సాయంత్రం కొండెక్కితే అది యాత్ర.

ఇంత దూరం ఎందుకు, మా ఊరినే ఎవరూ చూడరు. కొండకు పోయే దారిగా చూస్తారు. గోవిందరాజస్వామి గుళ్ళో స్వామి తలకింద కుంచం పెట్టుకుని పడుకుని ఉంటాడు. తమ్ముడి పెళ్ళి అప్పు తీర్చడానికి కుబేరుడికి ధనం కొలిచి కొలిచి అలసి నిద్రపోయాడని మా నాయనమ్మ చెప్పేది. స్టేషను నుంచి నడిచిపోయేంత దూరం. మే నెలలో వచ్చినవాళ్ళకు తాతయ్యగుంట గంగమ్మ జాతర. ఆ వారం మగవాళ్ళు చీరలు కట్టి, బైరాగి, మాతంగి వేషాలు వేసి వీధుల్లో తిరుగుతుంటారు. గంగమ్మ వేంకటేశ్వరస్వామికి చెల్లెలు, కొండమీద నుంచి ఆమెకు పసుపుకుంకాల సారె వస్తుంది. కపిలతీర్థంలో నాలుగు వానలు పడిన మర్నాడు కొండ అంచు నుంచి నీళ్ళు గుండంలోకి దూకుతాయి. ఇక ఘాట్‌రోడ్డు. తిరుపతి, తిరుమల మధ్య కొండ కోసుకుపోయిన చోట అడుగున చాలా పాత రాయి, దానిమీద పడుకున్నట్టు ఇంకో రాయి. ఆ రెండింటి మధ్య గీతలో దాదాపు 80 కోట్ల ఏళ్ళు లేవు. భూగర్భ శాస్త్రజ్ఞులు దాన్ని జాతీయ భూవిజ్ఞాన స్మారకంగా గుర్తించారు. బస్సు ఆ గీతను దాటడానికి రెప్పపాటు కాలం పడుతుంది. ఘాట్‌లో బస్సు ఆపమని నేను అనను, ప్రమాదం. అలిపిరిలో టోల్‌గేటు దగ్గర తనిఖీకి అందరూ ఎట్లాగూ దిగుతారు. అక్కడ ఒక పెద్ద ఫోటో, తెలుగులో, తమిళంలో, కన్నడంలో, హిందీలో నాలుగు వాక్యాలు పెడితే చాలు. పైకి పోయేటప్పుడు పిల్లలు కిటికీకి అతుక్కుపోతారు.

ఇదంతా మీ చేతిలో లేదని మీరు అనవచ్చు. నిజమే. గుడిమల్లం, చంద్రగిరి కేంద్ర పురావస్తు శాఖవి. కాళహస్తి, కాణిపాకం దేవాదాయ శాఖవి. తిరుచానూరు, నారాయణవనం, నాగలాపురం తిరుమల తిరుపతి దేవస్థానాలవి. తలకోన అటవీ శాఖది. బస్సు ఆర్టీసీది. ఏ గుడి ఏ వేళకు తెరుస్తారో ఆ గుడికి తెలుసు, బస్సు ఏ వేళకు బయల్దేరుతుందో బస్సుకు తెలుసు. ఆ రెండు వేళలనూ పక్కపక్కన పెట్టి చూసే కుర్చీ మాత్రం ఎవరికీ లేదు. యాత్రికుడికి ఈ శాఖల గోడలు కనబడవు, తలుపు మూసిన గుడి కనబడుతుంది. వీళ్ళందరినీ ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టగలిగింది మీరే. మన రాష్ట్రంలో పర్యాటకానికి పరిశ్రమ హోదా వచ్చింది. పెద్ద హోటళ్ళు వస్తాయి, రానివ్వండి. నేను అడిగేదానికి అంత డబ్బు అక్కర్లేదు.

టోకెన్లు ఇచ్చే మూడు చోట్లా, రైల్వేస్టేషన్లో, 'మీ చేతిలో ఎన్ని గంటలున్నాయి?' అని ఒక బోర్డు పెట్టించండి. మూడు గంటలుంటే గోవిందరాజస్వామి గుడి, కపిలతీర్థం. ఐదు గంటలుంటే చంద్రగిరి, శ్రీనివాసమంగాపురం. ఒక పూట పూర్తిగా ఉంటే గుడిమల్లం, పూసలు. పగలంతా ఉంటే కాళహస్తి, కలంకారీ వీధులతో కలిపి. ఆ రోజు ఏది మూసి ఉంటుందో ప్రతి పొద్దునా దానిమీద రాయించండి. పొద్దున ఏడింటికి గుడిమల్లానికి ఒక బస్సు వేసి, రెండు గంటలు అక్కడే ఆగి, పాపానాయుడుపేటలో అరగంట నిలిపి, మధ్యాహ్నానికి తిరుపతి చేర్చండి. నలభైమంది చాలు, అంతకంటే ఎక్కువమంది ఆ చిన్న గర్భగుడికి భారం. బస్సులో ఒకరు చెప్పేవాళ్ళుండాలి. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఇక్కడుంది, శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఇక్కడుంది. చరిత్ర, తెలుగు చదివే పిల్లలున్నారు. వాళ్ళకు నెలరోజులు నేర్పి, కూలి గిట్టేలా ఇచ్చి పంపండి. బట్టీపట్టిన తేదీలు కాదు, "కట్టె ఎక్కడుందో వెతకండి" అని అడగడం నేర్పండి. నేర్పడానికి మనుషులు కావాలంటే నేను వస్తాను, నాలాంటి రిటైరైన పంతుళ్ళూ పంతులమ్మలూ ఈ ఊళ్ళో చాలామంది ఉన్నాం, డబ్బులు అడగం.

ఇంకొక్కటి, ఆడవాళ్ళ తరఫున. బస్సు ఆగే ప్రతి చోటా తాళం వేయని, నీళ్ళున్న మరుగుదొడ్డి ఉండాలి. ఎక్కడ ఎట్లుంటుందో అన్న భయంతో పొద్దున్నుంచి గుక్కెడు నీళ్ళు తాగకుండా తిరిగిన ఆడవాళ్ళు మా ఇంట్లో ఎంతమంది దిగారో నాకు తెలుసు. దాహంతో తిరిగే మనిషికి ఏ శిల్పమూ కనబడదు.

మా చిన్నమ్మ మొన్న ఫోన్ చేసింది. సంక్రాంతి తర్వాత మళ్ళీ వస్తోంది. ఈసారి కోడళ్ళతో కాదు, వాళ్ళ వీధిలో ఇద్దరు ఆడవాళ్ళను వెంటబెట్టుకుని వస్తుందట. గొర్రెలు కాసే సామి గురించి రెండేళ్ళుగా వాళ్ళకు చెబుతూనే ఉందట, వాళ్ళకు చూపించాలట. ముగ్గురికీ మోకాళ్ళ నొప్పులు, ఆటో కోసం రోడ్డు మీద ముప్పావుగంట నిలబడలేరు. దర్శనం టికెట్లు మనవడు ఆన్‌లైన్లో తీసేశాడు, మధ్యాహ్నం మూడింటికి. ఆ పొద్దున పూటంతా ఖాళీ. అందుకే నన్ను అడిగింది. "గుడిమల్లానికి బస్సు ఎన్నింటికమ్మే?"

కనుక్కుని చెబుతానన్నాను. మంత్రి గారూ, ఎన్నింటికని చెప్పమంటారు?

ఇట్లు,
తిరుపతి నుంచి ఒక రిటైర్డ్ టీచరు